నడవమన్నారు సరే, దారేది?

పొద్దున్నే లేచి నడవండి. తెల్లన్నం తగ్గించి జొన్న రొట్టె తినండి. ఆకుకూరలు పెంచండి. రాత్రి పదికల్లా పడుకోండి. మనసుకు ఊరటగా ఏదైనా హాబీ పెట్టుకోండి. హైదరాబాద్‌లో బతికేవాళ్ళకు ఈ మాటలు పొద్దున ఫోను తెరిచింది మొదలు రాత్రి కన్ను మూసేదాకా వినిపిస్తూనే ఉంటాయి. డాక్టరు చెబుతాడు, ఆఫీసులో హెచ్ఆర్ వాళ్ళు చెబుతారు, యూట్యూబ్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు చెబుతారు, పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న బాబాయి చెబుతాడు. ఈ సలహాల్లో ఒక్కటీ అబద్ధం లేదు. నా కోపమంతా వాటి వెనక దాక్కున్న తీర్పు మీద. నీకు షుగరు వచ్చిందంటే నీ బద్ధకమే కారణం. నీ నడుం నొప్పి నీ నిర్లక్ష్యం. నీ పిల్లవాడు ఒళ్ళు చేశాడంటే నీ పెంపకం బాగాలేదు. ఈ తీర్పు అన్యాయం. ఒకసారి కాదు, రోజూ కోట్లమంది మీద జరుగుతున్న అన్యాయం.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా జరిపించిన అధ్యయనం 2023లో వెలువడింది. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని లెక్క తేల్చింది. ఇంతమందికి ఒక్కసారిగా బద్ధకం పట్టిందా? ఒకే తరంలో కోట్లమంది తమ ఒంటి మీద ప్రేమ చంపుకున్నారా? ఒక గల్లీలో ఒకడు జారిపడితే వాడు చూసుకుని నడవలేదనవచ్చు. ఆ గల్లీలో నడిచిన ప్రతివాడూ జారిపడుతుంటే చూడాల్సింది నేలను.

నగరంలో మంచి అలవాటుకు మూడు కావాలి. చోటు కావాలి, పొద్దు కావాలి, చేతిలో నాలుగు రూపాయలు కావాలి. ఈ మూడూ ఉన్నవాడికి అలవాటు దానంతటదే కుదురుతుంది. లేనివాడికి ఎంత పట్టుదల ఉన్నా మూడోవారానికి జారిపోతుంది. ఈ నగరాన్ని నడిపే పెద్దలు ఆ మూడింటినీ మన చేతుల్లోంచి తీసేసుకుని, అలవాట్లు మాత్రం మీ బాధ్యత అంటున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. హైదరాబాద్ తన జనంతో చేస్తున్నది సరిగ్గా ఇదే.

నడక సంగతే చూద్దాం. ఖర్చు లేని వ్యాయామం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి చెమట పట్టేలా కదలాలంటుంది. రోజుకు ఇరవై నిమిషాల చురుకైన నడకతో దాదాపు సరిపోయే లెక్క. బస్టాపుకు, కూరగాయలకు, బడికి నడిచి వెళ్ళగలిగే ఊళ్ళో దీనికోసం ఎవరూ విడిగా సమయం కేటాయించనక్కర్లేదు. మన ఊళ్ళో ఫుట్‌పాత్ మీద ఇరవై నిమిషాలు ఆగకుండా నడిచి చూడండి. పది అడుగులకు ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం వస్తుంది. దాన్ని తప్పుకుంటే హోటల్ జనరేటర్, అది దాటితే వరసగా నిలబెట్టిన బైకులు, ఆ పైన మూత లేని నాలా. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఎక్కలేనంత ఎత్తుగా అంచు. ఎక్కి దిగలేక ఆవిడ రోడ్డు మీదే నడుస్తుంది, వెనక నుంచి ఆటో హారన్ కొడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం ఫుట్‌పాత్ మీద మనిషి నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఆ నిబంధన, ఆ మాట రెండూ మన కాలనీ మలుపు దాకా రాలేదు.

ఫుట్‌పాత్ అనగానే కొందరు తోపుడు బండివాళ్ళ మీద పడతారు. అరటిపళ్ళ బండి, మిర్చి బండి, పూలమ్మే అవ్వ వీళ్ళకు కనిపించే దోషులు. ఫుట్‌పాత్‌ను రెండు వైపుల నుంచీ కోసి రోడ్డు వెడల్పు చేసిందెవరు? సెల్లార్‌లో పార్కింగ్ చూపించి అనుమతి తీసుకుని, తర్వాత అక్కడ షాపులు పెట్టి, బండ్లన్నీ బయటికి నెట్టిందెవరు? బండివాడికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం హక్కు ఇచ్చింది. వాడికి చోటు చూపించి, నడిచేవాడికి దారి వదలడం పాలకుల పని. పేదవాణ్ణి పేదవాడి మీదికి ఉసిగొల్పి తప్పించుకోవడం సిగ్గుచేటు.

ఈ నగరానికి గర్వకారణంగా చూపే మాట ఇంకొకటుంది, ‘సిగ్నల్ ఫ్రీ’. ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ కట్టి, ఎక్కడా ఆగకుండా కారు పోయేలా చేశామని ప్రకటనలిస్తారు. కారు ఎక్కడా ఆగదంటే, మనిషి ఎక్కడా దాటలేడని అర్థం. రోడ్డుకు అటువైపు ఉన్న మందుల షాపుకు పోవడానికి ముసలాయన అర కిలోమీటరు నడిచి, వంతెన మెట్లెక్కి, దిగి, మళ్ళీ అంతే దూరం వెనక్కి రావాలి. లిఫ్టు ఉంటే పనిచేయదు, పనిచేస్తే తాళం. నాలుగు చక్రాల మీద పోయేవాడి ఒక నిమిషం కాపాడటానికి రెండు కాళ్ళ మీద పోయేవాళ్ళ ప్రాణాలు పణంగా పెట్టారు. ఆ తర్వాత అదే ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య దినం నాడు నడవండి అని బ్యానర్లు కడుతుంది.

సైకిల్ తొక్కేవాళ్ళ కోసం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, 2023 అక్టోబరులో ప్రారంభించారు. చూడటానికి అందంగానే ఉంది. అక్కడికి చేరడానికి సైకిల్‌ను కారు వెనక కట్టుకుని పోవాలి. ముషీరాబాద్‌లో బడికి పోయే పిల్లకు, బాలానగర్ షెడ్డుకు సైకిల్ మీద పోయే కార్మికుడికి ఒక్క గజం సురక్షితమైన దారి లేదు. తీరిక ఉన్నవాడి సరదాకు సౌకర్యం వచ్చింది. అవసరం ఉన్నవాడి ప్రయాణం ప్రమాదంలోనే ఉండిపోయింది. పార్కుల్లోనూ ఇదే వరస. జూబ్లీహిల్స్ పక్కన కేబీఆర్ పార్కును 1998లో జాతీయ ఉద్యానవనం చేశారు. టికెట్టో పాసో ఉన్నవాళ్ళు అందులో నెమళ్ళ మధ్య నడుస్తారు. వాళ్ళ ఇళ్ళలో అంట్లు తోమే ఆమె నివసించే బస్తీలో చెట్టు నీడన కూర్చోవడానికి ఒక బెంచీ ఉండదు. ఆమెకూ బీపీ ఉంది. ఆమెకూ డాక్టరు నడవమనే చెప్పాడు.

ఇక తిండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన నగరానికి గౌరవం. 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంది. మంచి లెక్క. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి దీన్ని వర్తింపజేస్తే నెలకు 48 కిలోల కూరగాయలు, 12 కిలోల పండ్లు. కూరగాయలు కిలో నలభైకి, పండ్లు కిలో వందకు దొరికాయనుకున్నా మూడు వేల పైమాటే. ఇది ఉప్పు, పప్పు, నూనె, పాలు, గ్యాసు, ఇంటి అద్దె కలపకముందు లెక్క. అపార్టుమెంట్ వాచ్‌మన్ జీతంలోంచి దీన్ని తీసి చూపించండి. ఎండాకాలంలో టమాటా, బీన్స్ ధరలు ఎక్కిన నెలలో తీసి చూపించండి. కూర కొనలేక పచ్చడి మెతుకులు తినేవాడికి ‘సగం పళ్ళెం కూరలతో నింపు’ అని చెప్పడం పుండు మీద కారం చల్లడమే.

జొన్నల కథ మరీ బాధాకరం. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు జొన్న రొట్టె, జొన్న గటక, అంబలి కష్టజీవుల రోజువారీ తిండి. రాయలసీమలో రాగి సంగటి అంతే. సాగునీరు, మద్దతు ధర, సర్కారు కొనుగోళ్ళు, రేషన్ దుకాణం అన్నీ దశాబ్దాల పాటు వరి వైపే మొగ్గాయి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలితో ఉన్న లక్షల కడుపులు నింపింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అన్నంతో పాటు జొన్నను, కందిని, పెసరను ఎందుకు నిలబెట్టలేదు? చేన్లలోంచి జొన్న తప్పుకున్నాక అది నగరంలో ఖరీదైన ప్యాకెట్టులో తిరిగొచ్చింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, పెద్ద హోటళ్ళలో విందులు జరిగాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళలు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా ఏర్పడి, ఎవరూ పట్టించుకోని కాలంలో ఈ విత్తనాలను కుండల్లో దాచి కాపాడారు. ఐక్యరాజ్యసమితి వాళ్ళకు 2019లో ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వాళ్ళు కాపాడిన గింజ ఇవాళ వాళ్ళ చెల్లెళ్ళు వలస వచ్చిన బస్తీలోని కిరాణా కొట్టులో బియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతోంది. సాయంత్రం రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద రొట్టెలు కొట్టే అమ్మ వేడి పొగలో నిలబడి మన షుగరు తగ్గిస్తోంది. ఆమె ఇంట్లో పిల్లలు తినేది రేషన్ బియ్యమే.

ఇంట్లో వండుకుని తినమంటారు. కర్రీ పాయింట్ కూరల్లో నూనె ఎక్కువ, వేడివేడిగా ప్లాస్టిక్ సంచుల్లో కట్టిస్తారు, నిజమే. కానీ ఇంట్లో వండేది ఎవరు? 2024లో కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. ఇంటి వంట గొప్పదనం గురించి వేదికలెక్కే మగవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోవాలి. ఉద్యోగం చేసి, రెండు బస్సులు మారి, ఏడున్నరకు ఇంటికి చేరిన ఆడమనిషి కర్రీ పాయింట్ దగ్గర ఆగి పావు కిలో పప్పు కట్టించుకుంటే ఆమెను నిందించే నోటికి సిగ్గుండాలి. ఆ ఇంట్లో ఇంకో రెండు చేతులు కూరగాయలు తరిగే దాకా ఆరోగ్యకరమైన ఇంటి భోజనం అంటే ఆమె నిద్రలోంచి కోసుకొచ్చిన గంటే.

అసలు పొద్దు ఎక్కడుంది? ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి 2023లో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటలన్నారు. వీటిని నోటిమాటలని వదిలేద్దామంటే, 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకునే వెసులుబాటు ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న షరతు పెట్టింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా రోజు పరిమితిని 10 గంటలకు పెంచే నిర్ణయం తీసుకుంది. పది గంటల పనికి గంట విరామం కలపండి. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రానూపోనూ మూడు గంటలు కలపండి. ఏడు గంటల నిద్ర కలపండి. ఇరవై ఒకటి. మిగిలిన మూడు గంటల్లో స్నానం, వంట, బట్టలు, పిల్లల హోంవర్కు, కూరగాయలు, అత్తగారి మందులు. అందులో వ్యాయామం, అందులోనే హాబీ, అందులోనే మనశ్శాంతి వెతుక్కోమంటారు! ఎనిమిది గంటల పని కోసం వందేళ్ళకు పైగా కార్మికులు ప్రాణాలొడ్డి పోరాడారు. ఆ ఎనిమిదిని ఒక కాగితంతో పదిగా సాగదీసినవాళ్ళకు ప్రజల గుండె జబ్బుల గురించి మాట్లాడే అర్హత లేదు.

కోఠిలోనో అమీర్‌పేటలోనో చీరల దుకాణంలో పనిచేసే అమ్మాయిని అడగండి. రోజంతా నిలబడే ఉంటుంది. పనివేళల్లో కూర్చునే హక్కు కోసం కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. సాయంత్రానికి ఆమె కాళ్ళు వాస్తాయి. ఆమెకు మీరు చెప్పగలిగిన ఆరోగ్య సూత్రం ఏమిటి? ఇంకో ఐదు వేల అడుగులు నడవమనా?

పిల్లల దగ్గరికొస్తే నాకు కోపం కన్నా భయం ఎక్కువ. ఐదు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళు రోజూ గంట సేపు ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం రాసింది. మన నగరంలో అపార్టుమెంటులో నడుస్తున్న బడులున్నాయి, గంట కొట్టగానే పిల్లలు ఒక తరగతి గదిలోంచి ఇంకో గదిలోకి మారే బడులున్నాయి. ఇంటర్ హాస్టళ్ళలో పదహారేళ్ళ పిల్లలు తెల్లారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చుంటారు. సంగీతం, బొమ్మలు, కబడ్డీ, కథల పుస్తకం అన్నీ ర్యాంకుకు అడ్డమని పదో తరగతిలోనే కోసేస్తారు. ఆ పిల్లే పదేళ్ళ తర్వాత ఉద్యోగంలో చేరి ఒత్తిడి తట్టుకోలేనంటే, హాబీ పెంచుకోమని కౌన్సెలర్ చెబుతాడు. ఆమె చేతిలోని కుంచెను లాక్కున్నది మనమే.

హాబీకి కావలసిన చోట్లు ఈ నగరానికి తెలియనివి కావు. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం 1901లో పుట్టింది. నిజాం పాలనలో, తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, తెలుగు అభిమానులు పూనుకుని నిలబెట్టిన చదువుల ఇల్లది. అప్పుడు సాధ్యమైంది ఇప్పుడు ఎందుకు కాదు? మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు పూర్తిగా చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్ళుగా వినిపిస్తూనే ఉంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షల కోసం వచ్చిన పిల్లలు మెట్ల మీద కూడా కూర్చుని చదువుతుంటారు. ఒక నవల పట్టుకుని సాయంత్రం గడపడానికి వచ్చినవాడికి కుర్చీ ఎక్కడిది? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర వంగిన జనాన్ని చూస్తే తెలుస్తుంది, ఈ ఊరి మనుషులకు అభిరుచి చావలేదు. దానికి నిలువ నీడ లేదు.

నాతో వాదించేవాళ్ళు ఒకటంటారు. ‘మనసుంటే మార్గముంటుంది. మా పక్కింటాయన నాలుగింటికే లేచి పరిగెడతాడు, అరవై ఏళ్ళొచ్చినా మాత్ర వేసుకోడు’ అని. ఆయనకు నా నమస్కారం. కానీ నూటికి ఒక్కడు చేయగలిగిన సాహసాన్ని తొంభై తొమ్మిది మందికి కొలబద్దగా పెట్టకండి. మనిషి పట్టుదలతో గెలవాల్సిన అలవాటు కొందరికే అందుతుంది. దారి సుగమమైతే అలవాటు అందరికీ అబ్బుతుంది.

దీనికి రుజువు కళ్ళముందే ఉంది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఎవరూ వాళ్ళకు ప్రసంగాలివ్వలేదు, యాప్‌లు ఇవ్వలేదు. ఛార్జీ తీసేశారు, అంతే. ఆడవాళ్ళు అక్కల ఇళ్ళకు, గుళ్ళకు, నుమాయిష్‌కు బయలుదేరారు. పనీపాటా లేక తిరుగుతున్నారని కొందరు వెక్కిరించారు. తిరగనివ్వండి! జీవితమంతా వంటగదికీ పని చోటుకీ మధ్య తిరిగిన మనిషి ఒక పూట సరదాకి ఊరు చూస్తే మీకేం నష్టం? ఆ పూటే ఆమె హాబీ, ఆమె ఆరోగ్యం. అలాగే 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు తాజా కూరగాయలు ఇంటికి చేరింది ఉపన్యాసాల వల్ల కాదు, దళారి లేని ధర వల్ల. పాలకులు తలుచుకుంటే అలవాటు మారుతుంది. తలుచుకోకపోవడమే నేరం.

కాబట్టి సలహాలు చాలు, ఇవ్వాల్సినవి ఇవ్వండి. తర్వాతి ఫ్లైఓవర్‌కు కొబ్బరికాయ కొట్టే ముందు ప్రతి డివిజన్‌లో 1.8 మీటర్ల ఫుట్‌పాత్ పూర్తి చేయండి, దాటడానికి సిగ్నల్ పెట్టండి. ప్రతి బస్తీకి నడిచిపోయే దూరంలో టికెట్ లేని పార్కు, ఆడవాళ్ళు భయం లేకుండా వాడగలిగే మరుగుదొడ్డి, రాత్రి దాకా వెలిగే దీపాలు ఇవ్వండి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తున్నట్టే మీరూ దానికి జొన్నలు, కందిపప్పు జోడించండి. పది గంటల ఉత్తర్వు వెనక్కి తీసుకోండి. ఆటస్థలం లేని బడికి గుర్తింపు ఆపండి. గ్రంథాలయ సెస్సు ప్రతి పైసా గ్రంథాలయానికి చేర్చండి.

చదువుతున్న మీకు కూడా ఒక మాట. కాలనీ సంఘంలో పెయింట్ రంగు గురించి గంటలు వాదిస్తాం, గేటు ముందు ఫుట్‌పాత్‌ను ర్యాంపు కట్టి మింగేసింది మనమే అయినా దాని గురించి మాట్లాడం. ముందు ఆ ర్యాంపు కూల్చండి. ఓటడగడానికి గల్లీలోకి వచ్చిన అభ్యర్థిని కారు దింపి, బస్టాపు దాకా నడిపించి, మీ అమ్మ ఇక్కడ నడవగలదా అని అడగండి. ఇంట్లో కత్తిపీట అందుకోండి. పనిమనిషికి వారానికో రోజు జీతంతో సెలవివ్వండి. మీ కింద పనిచేసేవాళ్ళకు రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పంపడం మానండి. మీ చేతిలో ఉన్నది మీరు చేస్తేనే పైవాణ్ణి నిలదీసే గొంతుకు బలం వస్తుంది.

ఆరోగ్యం దానంగా ఇచ్చేది కాదు, ప్యాకేజీగా అమ్మేది అంతకన్నా కాదు. దారి, తిండి, తీరిక ఈ నగరాన్ని కట్టిన ప్రతి మనిషికీ చెందుతాయి. మెట్రో స్తంభాల గుంతలు తవ్వినవాడికీ, ఆ మెట్రోలో నిలబడి కోడ్ రాసేవాడికీ సమానంగా చెందుతాయి. అవి మా చేతికొచ్చేదాకా మా పొట్ట చూపించి, మా షుగరు చూపించి, మా అలసట చూపించి మమ్మల్ని తప్పుపట్టే హక్కు ఈ నగరంలో ఎవ్వరికీ లేదు.